శాంతివనం సైనిక వ్యయం

తాను సైన్యమన్న సంగతి పైడయ్యకి ఒక మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకి తెలిసింది. అంతవరకూ అతను తనని వాచ్‌మన్ అనుకుంటూ వచ్చాడు.

విజయనగరం శివార్లలో ఉన్న శాంతివనం కాలనీలో నూటపన్నెండు ఇళ్లు. గేటు ఒకటి. ఆ గేటు పక్క రేకుల గదిలో పైడయ్య, అతని భార్య సన్యాసమ్మ పన్నెండేళ్లుగా కాపురం ఉంటున్నారు. గదిలో పైడితల్లమ్మ పటం, ఒక మంచం, ఒక పొయ్యి. ఉద్యోగంతో పాటు గది వచ్చింది కనక ఉద్యోగం పోతే గదీ పోతుంది. ఈ ఒక్క సంగతి భార్యాభర్తలిద్దరికీ బాగా తెలుసు. అందుకే పైడయ్య రోజూ తెల్లారేసరికి స్నానం చేసి, అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, "తల్లీ, ఈ గేటు సల్లగా సూడు" అని గేటు తరఫున కూడా వేడుకునేవాడు.

ఆ మంగళవారం దూసి విశ్వపతిగారు చేతిలో రిజిస్టరుతో గేటు దగ్గరికి వచ్చారు. ఆయన డిప్యూటీ తాసిల్దారుగా రిటైరై తొమ్మిదేళ్లయినా ఉద్యోగం ఆయన్నుంచి ఇంకా రిటైరు కాలేదు. సంక్షేమ సంఘం ఆయన్ని ఎన్నికల అధికారిగా నియమించింది.

"నీ వద్ద గల ఆయుధ సామగ్రి వివరాలు చెప్పవలసింది" అన్నారు విశ్వపతిగారు.

"నాకాడ ఆయుధాలేటుంటాయి బాబూ?"

"చేతిలో ఉన్నదేమిటి?"

"కర్ర బాబూ. పందులొత్తే అదిలిత్తాను."

"కర్ర, ఒకటి" అని రాసుకున్నారు. "మెడలో?"

"ఈల."

"శబ్దాయుధం, ఒకటి. ఆ కుక్క?"

"అది ఈదికుక్క బాబూ. నాను అన్నం పెడతానని ఇక్కడ తొంగుంటాది."

విశ్వపతిగారు కాస్సేపు ఆలోచించి, "జీతం లేని స్వచ్ఛంద దళం, ఒకటి" అని రాసి, అడుగున గీత గీశారు.

ఇదంతా ఎందుకొచ్చిందంటే, అంతకుముందు ఆదివారం సాయంత్రపు నడకలో ఎవరో ఒక పెద్దమనిషి టీవీలో చూసిన చర్చ గురించి చెప్పాడు. ఎక్కడో పెద్ద దేశంలో అధ్యక్ష పదవికి పోటీ పడుతున్న అభ్యర్థులందరూ అభ్యుదయవాదులేనట. అందరూ అన్ని మంచి మాటలూ చెబుతారు కనక వాళ్లని రెండే కొలతలతో పోల్చాలట. ఒకటి శీలం, రెండు సైనిక వ్యయం. ఈ మాట శాంతివనానికి బాగా నచ్చింది. ఇన్నాళ్లూ కాలనీ ప్రెసిడెంటుని టిఫిన్లు తింటూ ఏకగ్రీవంగా ఎన్నుకోవడం నాగరికుల పద్ధతిలా లేదనిపించింది. ఈసారి అధ్యక్ష తరహా ఎన్నిక జరగాలని, అభ్యర్థులని ఆ రెండు కొలతలతోనే కొలవాలని తీర్మానం చేశారు.

"మరి మనకు సైన్యం లేదు కదండీ?" అని ఒకాయన సందేహం వెలిబుచ్చాడు.

సభ కాసేపు దిగాలుపడింది. తర్వాత ఒక్కొక్కరి తలా మెల్లగా గేటు వైపు తిరిగింది.

*

అభ్యర్థులు ఇద్దరు. ఒకరు వేమవరపు శశిభూషణరావుగారు. కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఎనిమిదో నెంబరు ఇల్లు. రెండోవారు నళినీకుమారిగారు. సంక్షేమ శాఖలో పెద్ద హోదాలో చేసి రిటైరయ్యారు. నలభై ఒకటో నెంబరు ఇల్లు. ఇద్దరూ అభ్యుదయవాదులే. ఎవరు ఎక్కువ అభ్యుదయమో తేలక ఇద్దరూ పదేళ్లుగా ఒకరి ఇంటికి ఒకరు వెళ్లడం లేదు.

శశిభూషణరావుగారు బుధవారం ఉదయం నడక ముగించుకుని గేటు దగ్గర ఆగారు. పైడయ్య లేచి సెల్యూట్ కొట్టాడు.

"వద్దు. పైడయ్య గారూ, ఇకమీదట నాకు సెల్యూట్ చెయ్యకండి. అది సామ్రాజ్యవాదపు అవశేషం."

పైడయ్యకి 'అవశేషం' అర్థం కాలేదు గానీ 'గారూ' అర్థమై భయం పట్టుకుంది. "మరి సెయ్యి ఏటి సేసుకోమంటారు బాబూ?"

"బాబూ అని కూడా అనకండి."

"మరేటనమంటారు బాబూ?"

శశిభూషణరావుగారు నిట్టూర్చి, తాను గెలిస్తే సైనిక వ్యయం ముప్ఫై శాతం తగ్గిస్తానని, ఇందులో వ్యక్తిగత ద్వేషం ఏమీ లేదని వివరించి వెళ్లిపోయారు.

గురువారం నళినీకుమారిగారు కారు అద్దం దించారు. "అన్నయ్య గారూ, మీరు వ్యవస్థ చేతిలో పనిముట్టుగా మారిపోయారు. మీకు విముక్తి కావాలి. నేను వస్తే యాభై శాతం తగ్గిస్తాను."

"సిత్తం అమ్మా" అన్నాడు పైడయ్య.

శుక్రవారానికి శశిభూషణరావుగారు అరవై అయిదన్నారు. శనివారానికి నళినీకుమారిగారు ఎనభై అన్నారు. శాతం పెరిగినకొద్దీ పైడయ్యకి మర్యాద పెరిగింది. అరవై అయిదు దగ్గర 'తమరు' వచ్చింది. ఎనభై దగ్గర 'శ్రీ పైడయ్య గారు' అని నోటీసు బోర్డు మీద అచ్చయింది. పన్నెండేళ్లలో లేనిది, పిల్లలు కూడా అతన్ని చూసి చేతులు జోడించసాగారు.

సన్యాసమ్మ బియ్యం చేటలో రాళ్లు ఏరుతూ అంతా విన్నది. "ఆ 'గారు' కొట్టుకి అట్టుకెల్తే సావుకారు ఎన్ని కిలోలిత్తాడయ్యా?" అని అడిగింది.

"ఊరుకోయే. సదువుకున్నోలు. మన మంచికే సెబుతారు."

"మన మంచికయితే మనల్ని అడగొద్దా?"

పైడయ్య అమ్మవారి పటం వైపు చూశాడు. అమ్మవారు కూడా ఆ ప్రశ్న గురించే ఆలోచిస్తున్నట్టు కనిపించింది.

*

ఆదివారం కమ్యూనిటీ హాల్లో అభ్యర్థుల ముఖాముఖి జరిగింది. వేదిక మీద విశ్వపతిగారు గోడగడియారం పెట్టుకుని కూర్చున్నారు. సైన్యాన్ని వెనక బల్ల మీద కూర్చోబెట్టారు.

"నేను అధికారం చేపట్టిన తొలిరోజునే కర్రను ఉపసంహరిస్తాను" అన్నారు శశిభూషణరావుగారు. చప్పట్లు.

"కర్ర ఉపసంహరణ కంటితుడుపు. నేను ఈలను కూడా ఉపసంహరిస్తాను" అన్నారు నళినీకుమారిగారు. మరిన్ని చప్పట్లు.

"కర్ర, ఈల, టోపీ!"

"కర్ర, ఈల, టోపీ, కుర్చీ!"

"అయితే వినండి. సైనిక వ్యయంలో నూటికి నూరు శాతం కోత!" అని శశిభూషణరావుగారు బల్ల గుద్దారు.

నళినీకుమారిగారు తడుముకోలేదు. "నాదీ నూరు శాతమే. పైగా శ్రీ పైడయ్య గారికి శాలువా!"

ముందు వరసలోంచి ఒక ముసలావిడ లేచింది. "అన్నీ బాగానే ఉన్నాయి నాయనా. మరి దొంగ వస్తే?"

"అమ్మా, దొంగ కూడా వ్యవస్థ బాధితుడే" అన్నారు శశిభూషణరావుగారు.

"అతనికి గేటు దగ్గర ఒక విజ్ఞప్తి పెడతాం, 'దయచేసి పునరాలోచించండి' అని" అన్నారు నళినీకుమారిగారు.

"చదువురాని దొంగయితే?"

"వయోజన విద్య మా రెండో దశ కార్యక్రమం."

విశ్వపతిగారు గంట కొట్టారు. సైనిక వ్యయం విషయంలో ఇరువురు అభ్యర్థులు సమానులని, కనుక ఫలితం శీలం మీదనే ఆధారపడి ఉన్నదని ప్రకటించారు. తనకు ఇంతకాలం అన్నం పెట్టిన పని ఇటు గెలిచినా అటు గెలిచినా పోతుందని వెనక బల్ల మీద పైడయ్యకి అప్పుడు పూర్తిగా అర్థమయింది. అయినా అందరూ కొడుతున్నారు గదా అని అతనూ చప్పట్లు కొట్టాడు.

శీలం నిర్ణయించడం తేలిక అనుకున్నారు. కాలనీలో రిటైరయిన గెజిటెడ్ అధికారులు నలభై ఆరుగురు. అందరి జేబుల్లోనూ ఆకుపచ్చ సిరా పెన్నులు ఇంకా ఉన్నాయి. ఇరవై ముగ్గురు శశిభూషణరావుగారి శీలం మచ్చలేనిదని రాసిచ్చారు. మిగతా ఇరవై ముగ్గురు నళినీకుమారిగారి శీలం మచ్చలేనిదని రాసిచ్చారు. ఇద్దరికీ నూటికి నూరు మార్కులొచ్చాయి.

విశ్వపతిగారు రెండు రోజులు సంఘం నియమావళి తిరగేశారు. మూడో రోజు పదిహేడో నియమం దొరికింది. ఎవరి శీలాన్నయినా ధ్రువీకరించేవారు సదరు వ్యక్తిని కనీసం అయిదేళ్ల పాటు ప్రతిరోజూ ప్రత్యక్షంగా చూసి ఎరిగినవారై ఉండాలి, బంధువులై ఉండకూడదు. ఈ లెక్కన నలభై ఆరు ధ్రువపత్రాలూ చెల్లవు. ఆ నలభై ఆరుగురూ ఎదురింటి గుమ్మం తొక్కి నెలలు దాటింది.

రోజూ నూటపన్నెండు ఇళ్లవాళ్లనీ చూసే మనిషి కాలనీ మొత్తానికి ఒక్కడే ఉన్నాడు.

*

"అయితే ఒక చిక్కు ఉన్నది" అన్నారు విశ్వపతిగారు, రేకుల గది ముందు నిలబడి. "నువ్వు సైన్యం. పౌర రాజకీయాలలో సైన్యం జోక్యం చేసుకోరాదు. ప్రపంచమంతటా అదే సంప్రదాయం. కావున నువ్వు ముందు రాజీనామా చెయ్యవలసి ఉంటుంది."

"రాజీనామా సేత్తే పని పోద్ది గదా బాబూ?"

"సాంకేతికంగా మాత్రమే. సాక్ష్యం పూర్తయిన పిదప తిరిగి చేరవచ్చును. ఇక్కడ సంతకం. 'స్వచ్ఛందంగా' అన్న మాట కింద."

"ఆ మాటంటే ఏటి బాబూ?"

"ఎవరూ చెప్పకుండా నీ అంతట నువ్వే అని."

"మరి తవరు సెబుతున్నారు గదా?"

"నేను చెప్పడం లేదు. నియమం చెబుతున్నది."

సన్యాసమ్మ గుమ్మంలోంచి, "ఎయ్యకయ్యా" అంది. కానీ పెద్దమనిషి నిలబడి ఉంటే కాదనడం పైడయ్య నేర్చుకోని విద్య. అమ్మవారి వైపు ఒకసారి చూసి సంతకం పెట్టాడు.

మర్నాడు హాలు నిండిపోయింది. పన్నెండేళ్లుగా ఎవరు ఎక్కడికి వెళుతున్నారో, ఎవరింటికి ఎవరొస్తున్నారో ఎరిగిన మనిషి నోరు విప్పబోతున్నాడు. ముందు వరసల్లో కొందరికి ఉక్కపోసింది. ఇద్దరు ముగ్గురు తమకి వేరే పని ఉందని లేవబోయి, లేస్తే అనుమానం వస్తుందని కూర్చుండిపోయారు.

"అమ్మోరి మీద పెమాణం సేసి సెబుతాను బాబూ" అన్నాడు పైడయ్య.

శశిభూషణరావుగారు అభ్యంతరం చెప్పారు. లౌకిక ఎన్నికలో ప్రమాణం దేవుడి మీద ఉండరాదన్నారు. చివరికి పైడయ్య మనసులో ప్రమాణం చేసుకోవచ్చని, అది పైకి కనిపించరాదని రాజీ కుదిరింది.

"శ్రీ శశిభూషణరావుగారి శీలం ఎట్టిది?" అని అడిగారు విశ్వపతిగారు.

"మంచోరు బాబూ."

"శ్రీమతి నళినీకుమారిగారి శీలం?"

"ఆయమ్మా మంచోరే."

"తేడా చెప్పాలి. తేడా లేకుంటే మార్కులెలా వేస్తాం? నువ్వు ప్రత్యక్షంగా చూసినదేదో చెప్పు."

పైడయ్య చాలాసేపు ఆలోచించాడు. అబద్ధం చెప్పకూడదు. ఎవరి మనసూ కష్టపెట్టకూడదు. ఈ రెండూ ఒకేసారి కావాలని తల్లికి మొక్కుకుని, "ఈ బాబు గేటు కాడ రెండు పొట్టి హారన్లు కొడతారు. ఆయమ్మ ఒక పొడుగు హారను కొడతారు. ఇంతకంటే నాకు తెలవదు బాబూ. నాను గేటు తీసేలోపు ఎల్లిపోతారు. మాటాడింది నేదు" అన్నాడు.

హాలంతా ఊపిరి పీల్చుకుంది. కానీ విశ్వపతిగారు ఉత్సాహంగా లేచారు. అప్పటికప్పుడు రెండు కార్లనీ హాలు ముందుకి రప్పించారు. అభ్యర్థులు ఎవరి కారులో వారు కూర్చుని రోజూ కొట్టినట్టే హారను కొట్టారు. ముగ్గురు సభ్యుల సంఘం గడియారం పట్టుకుని కొలిచింది. శశిభూషణరావుగారివి రెండేసి సెకన్ల చొప్పున రెండు హారన్లు. నళినీకుమారిగారిది నాలుగు సెకన్ల హారను ఒకటి. శీలం కూడా సమానమే.

"ఇప్పుడు మరొక తీవ్రమైన పరిస్థితి ఉత్పన్నమైనది" అన్నారు విశ్వపతిగారు. "సైన్యం నిన్ననే రాజీనామా చేసింది. కనుక నేటి సైనిక వ్యయం సున్న. సున్నలో నూరు శాతం కోత విధించడం ఎవరి వల్లా కాదు. అభ్యర్థులిద్దరి వాగ్దానాలూ నిరాధారమయ్యాయి. వ్యయం తగ్గించాలంటే ముందు వ్యయం ఉండాలి. వెంటనే ఒక సైన్యాన్ని నియమించవలసి ఉన్నది."

పైడయ్య ముఖం వికసించింది. "అయితే నాను డూటీ ఎక్కీమంటారా బాబూ?"

"ఎక్కవచ్చును. అయితే ఇది కొత్త నియామకం. నీ శీలానికి ధ్రువపత్రం కావాలి. పదిహేడో నియమం. నిన్ను అయిదేళ్లుగా ప్రతిరోజూ చూసి ఎరిగినవారు ఎవరో ఒకరు లేచి నిలబడాలి."

హాల్లో మూడువందల మంది ఉన్నారు. ఎవరూ లేవలేదు.

"ఇతని ఇంటిపేరు?" అని అడిగారు విశ్వపతిగారు.

ఎవరికీ తెలియదు. "మీసం ఉండాలే?" అన్నాడొకాయన. పైడయ్యకి మీసం ఎప్పుడూ లేదు. "టోపీ పెట్టుకుంటే గుర్తుపడతానండీ, ఊరికే చూస్తే చెప్పలేను" అన్నాడు ఇంకొకాయన. శశిభూషణరావుగారు కిటికీ లోంచి బయటికి చూశారు. నళినీకుమారిగారు కళ్లజోడు తుడుచుకున్నారు. ఇద్దరూ నిజాయితీపరులు కనక తెలియని సంగతి తెలుసునని చెప్పలేదు.

"నాకు తెలుసు" అని తలుపు దగ్గర్నుంచి వినిపించింది. సన్యాసమ్మ. "ముప్పయ్యేళ్ల కాణ్ణుంచి సూత్తన్నాను. ఇంటిపేరు గేదెల. రాసుకోండి."

"బంధువులు అనర్హులు" అన్నారు విశ్వపతిగారు, ఈసారి కొంచెం మెల్లగా.

*

సాయంత్రం అయిదింటికి మంచం, పొయ్యి, పటం గేటు బయటికొచ్చాయి. వెనకాల కుక్క కూడా వచ్చింది.

రోడ్డుకి అవతల సిరిసంపద ఎన్‌క్లేవ్ అని ఇంకో కాలనీ ఉంది. దాన్ని చూసుకునేది సూర్నారాయణ అనే తవుడు వ్యాపారి. అభ్యుదయమంటే ఏమిటో ఆయనకి తెలియదు, తెలుసుకునే తీరికా లేదు. స్కూటరు ఆపి, "ఏం మావా, మంచం రోడ్డు మీదెట్టావేటి?" అన్నాడు.

పైడయ్య జరిగిందంతా చెప్పబోయాడు గానీ, సగంలోనే సూర్నారాయణ చెయ్యి ఊపాడు. "నాకంత బుర్ర నేదు. పని సేత్తావా, సెయ్యవా? కర్రుందా?"

"ఉంది బాబూ."

"అయితే మా గేటు కాడ కూకో. గది ఎనకాల ఉంది. పోయి మంచం ఎయ్యించు."

మర్నాడు ఉదయం ఏడింటికి శాంతివనం నిద్రలేచి చూసేసరికి, రోడ్డుకి అవతల, సరిగ్గా తమ గేటుకి ఎదురుగా, కర్ర పట్టుకుని ఒక సైనికుడు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పక్కన కుక్క.

ఎనిమిదింటికి అత్యవసర సమావేశం జరిగింది. "సరిహద్దులో మోహరింపు!" అన్నారు విశ్వపతిగారు. "మన రహస్యాలన్నీ ఎరిగినవాడు. స్వచ్ఛంద దళం కూడా ఫిరాయించింది."

తొమ్మిదింటికి శశిభూషణరావుగారు కొత్త ప్రకటన విడుదల చేశారు. తాను శాంతివాదినే గాని శాంతికి కూడా కాపలా అవసరమని, ఇద్దరు వాచ్‌మన్లను నియమిస్తానని అందులో ఉంది. పది గంటలకి నళినీకుమారిగారు నలుగురన్నారు. పదకొండింటికి ఆయన ఆరుగురు, యూనిఫారాలతో అన్నారు. మధ్యాహ్నానికి ఆవిడ ఆరుగురు, యూనిఫారాలు, ఒక దుర్భిణి అన్నారు. యుద్ధ పరిస్థితుల దృష్ట్యా ఎన్నిక నిరవధికంగా వాయిదా పడింది. సైన్యం మాత్రం వాయిదా పడలేదు. శీల ధ్రువపత్రాల సంగతి ఎవరో గుర్తుచేస్తే, యుద్ధ సమయంలో పదిహేడో నియమం వర్తించదని విశ్వపతిగారు తేల్చారు. వారం తిరక్కుండా శాంతివనం గేటు దగ్గర ఆరుగురు కొత్తవాళ్లు వరసగా నిలబడి, వంతులవారీగా దుర్భిణిలోంచి పైడయ్యని చూడసాగారు.

చూసిందంతా ఒక దస్త్రంలోకి ఎక్కింది. గేదెల పైడయ్య, ఎత్తు ఇంత. మీసం లేదు. ఉదయం స్నానానంతరం ఒక దేవతా పటం ఎదుట మంతనాలు. మధ్యాహ్నం గంజి, ఉల్లిపాయ. పదిహేను రోజుల్లో దస్త్రం తొంభై పేజీలు దాటింది. శాంతివనంలో ఇప్పుడు అతని ఇంటిపేరు తెలియని పిల్లవాడు కూడా లేడు. ఎరిగిన దొరలు కదా అని పైడయ్య ఒకరోజు రోడ్డు దాటకుండానే సెల్యూట్ కొట్టాడు. 'కవ్వింపు చర్య' అని దస్త్రంలో చేరింది.

"పన్నెండేళ్లు నువ్వు ఆల్లని కాసావు, ఒక్కడూ నీ మొకం సూణ్ణేదు" అంది సన్యాసమ్మ, గంజి గిన్నె చేతికిస్తూ. "ఇప్పుడు ఆరుగురు నిన్ను కాత్తన్నారు. గొప్ప యోగమేనయ్యా."

పైడయ్య నవ్వలేదు. నాలుగు రోజులుగా అతనికి అన్నం సయించడం లేదు. ఆ ఆరుగురూ ముందు గేటు దగ్గరే ఉంటున్నారు. వెనక పంపుషెడ్డు దగ్గర గోడ మూడడుగులే ఉంటుంది. దొంగలెప్పుడొచ్చినా అటునుంచే వస్తారు. పన్నెండేళ్లూ అతను గంటకోసారి అటు వెళ్లి చూసి వచ్చేవాడు. ఈ కొత్తవాళ్లకి ఆ గోడ ఉన్నట్టే తెలియదు.

"మనకెందుకయ్యా? ఆలేటైతే మనకేటి?" అంది సన్యాసమ్మ, అతని చూపు పట్టుకుని.

"నూటపన్నెండు కొంపలే. పిల్లలుంటారు" అన్నాడు పైడయ్య. గిన్నె కింద పెట్టి, రోడ్డు మధ్య తెల్లగీత దాకా నడిచి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా అరిచాడు. "బాబూ! ఎనకాల గోడ సూసుకోండి! పంపుషెడ్డు కాడ గోడ! ఎవుడూ నేడక్కడ!"

దుర్భిణి పట్టుకున్నవాడు ఈల ఊదాడు. విశ్వపతిగారు పరుగున వచ్చి దస్త్రం తెరిచారు. 'శత్రువు బహిరంగంగా బెదిరించెను. మన వెనక గోడ బలహీనతను ఎరిగి, దానినే లక్ష్యముగా చేసుకొనెను' అని రాసి, దాని కింద రెండు గీతలు గీశారు. పది నిమిషాల్లో ఇద్దరు అభ్యర్థులూ ఉమ్మడి ప్రకటన చేశారు. కాలనీ చరిత్రలో వాళ్లు ఒక మాట మీద నిలవడం అదే మొదటిసారి. ఆరుగురిలో నలుగురు కర్రలతో, ఈలలతో పంపుషెడ్డు వైపు పరుగెత్తారు. ఇకనుంచి రాత్రింబగళ్లు అక్కడే ఉండాలని వాళ్లకి ఆజ్ఞ.

పైడయ్య వాళ్లు వెనక గోడ వైపు మలుపు తిరిగేదాకా చూశాడు.

"సూసేవా? పెద్దోలు మాటిన్నారు" అని వచ్చి కూర్చుని, గంజి గిన్నె అందుకుని, ఇంకో ఉల్లిపాయ అడిగాడు.